సగం ఇటుకలు

పక్కగదిలో పిల్లల పాట ఆగిపోయింది. ఆగిందంటే ఏదో అయిందన్నమాట, పైన దూలం కిర్రుమని ఉంటుంది, పాట నేర్పుతున్న మా అమ్మాయి తలెత్తి చూసి ఉంటుంది, పిల్లలందరూ చూసి ఉంటారు, మా మనవరాలు ఎప్పటిలా నోరు తెరుచుకుని సరిగ్గా ఆ దూలం కిందే, నడిమధ్యనే, ఎన్నిసార్లు చెప్పాను గోడవారగా కూర్చోవే తల్లీ అని, చెప్పినప్పుడల్లా సరే అమ్మమ్మా అంటుంది, సరే అనడం తప్ప ఇంకేదీ రాదు ఆ పిల్లకి, లేచి వెళ్లి చూసొద్దామా, అందరి మోకాళ్లూ దాటుకుని ఇప్పుడు ఎలా వెళ్లడం, వెళ్లేలోపే మీద పడితే, పడితే చప్పుడు ముందు వస్తుందా దుమ్ము ముందు వస్తుందా. ఇంతలో పాట మళ్లీ అందుకున్నారు. రెండో చరణం. చరణానికీ చరణానికీ నడుమ పిల్లలు ఊపిరి తీసుకున్నారు, అంతే. నేను మాత్రం ఇంకా తీసుకోలేదు.

"ఈ సంగతి సంఘంలో మొట్టమొదట ఎత్తింది మన అక్కగారే" అంటున్నారు పాస్టరుగారు ముందు నిలబడి, నావైపు చెయ్యి చూపిస్తూ. ఈయన కుర్రాడు, వచ్చి ఏడాది కాలేదు, మాట మెత్తన, కళ్లజోడు మాటిమాటికీ జారిపోతుంది. అందరూ నావైపు తిరిగారు. నేను నేలవైపు చూశాను. ఎత్తానే, ఎత్తకేం. వాన కురిసిన ప్రతి ఆదివారమూ ఎత్తాను, ఆ గది కప్పు ఇవాళో రేపో కూలుతుంది, పిల్లల్ని చంపుకునేదాకా మీకెవరికీ నిద్ర మెలకువ రాదు అని. కీడెంచి మేలెంచమన్నారు గదా అంటే, నువ్వు కీడెంచడంతోనే సరిపెడతావు, మేలెంచడానికి నీకు తీరికెక్కడిది అనేది మా అత్తగారు. ఆ మాట పట్టుకుని సంఘంలో అందరూ నాకు కీడెంచమ్మ అని పేరు పెట్టేశారు. పెట్టుకోనీ. పిల్లలకి కొత్త గది వస్తుందంటే నన్ను ఏమని పిలిస్తే ఏం అనుకున్నాను. ఇప్పుడు వస్తోంది. ఇవాళ చేతులెత్తితే వచ్చేవారం పునాది. పక్కన కూర్చున్న పాలత్త నన్ను మోచేత్తో పొడిచింది. "నీ పంతం నెగ్గిందే. ఇంకేం, మొహం కాస్త విప్పు. పాలు విరిగినట్టు ఏమిటా మొహం?" ఆవిడ ఇంటింటికీ పాలు పోసి బతికిన మనిషి, ఆవిడకి అన్నీ పాలతోనే పోలిక.

విప్పడానికి మొహం నా చేతిలో లేదు. ముందు బల్లలో, నా పక్కనే కిటికీ ఉంది. ఈ చోటు నేను కోరి కూర్చున్నదే, పక్కగది మాటలు వినపడతాయని. కానీ ఇదే కిటికీలోంచి సమాధుల తోట కూడా కనిపిస్తుంది, ముందు పెద్దవాళ్ల వరసలు, వాటి వెనక గోడకి ఆనుకుని ఆ మూల. గడ్డి తప్ప ఏమీ లేని మూల. కొత్త గది కట్టేది అక్కడే. కిందటి కూటంలో దర్జీ అన్నయ్య కొలతల టేపు మెడలో వేసుకునే లేచి నిలబడి, అక్కడైతే ఎవరికీ ఇబ్బంది లేదు, ఖాళీయే గదా అన్నాడు. ఖాళీయే అన్నారు వెనకనుంచి కొందరు. ఆలోచనకి చేతులెత్తండి అన్నారు పాస్టరుగారు. నేను ఎత్తాను. మొట్టమొదట ఎత్తిన చెయ్యి నాదే. ఖాళీ అన్న మాట విన్నాను, విని ఎత్తాను, ఎత్తిన చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నాక గానీ అది చల్లబడిపోయిందని తెలీలేదు.

ఈ సంఘంలో ఏ పెద్ద పనికైనా రెండుసార్లు చేతులెత్తాలి. ఆలోచనకి ఒకసారి, పనికి ఒకసారి. మొదటివాళ్లు పెట్టిన పద్ధతి అది. మొదటివాళ్లంటే బట్టీలో ఇటుకలు కోసినవాళ్లు, మా మామగారి తాత, దర్జీ అన్నయ్య తాత, ఇంకా కొన్ని కుటుంబాలు. మా మామగారు ఈ కథ ఎన్నిసార్లు చెప్పేవారో, నేను గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి, వింటున్నానో లేదో అక్కర్లేకుండా. బట్టీ యజమాని వాళ్లకి స్థలం ఇచ్చాడట, ఏ స్థలం, మట్టంతా తవ్వేసుకున్నాక ఇక ఎందుకూ పనికిరాని గుంట, దాని గట్టూ. పనికిరాని చోటు పనికిరాని ఇటుకలతో కట్టారట, మంట ఎక్కువై వంకర తిరిగిపోయినవి, ఎవరూ కొననివి. ఆ వంకర ఇటుకలతో లేపిందే పిల్లలు పాడుతున్న పక్కగది. మొదటి గది అంటారు దాన్ని. మందిరం తరవాతి తరం కట్టింది. మొదటివాళ్లలో అక్షరం ముక్క వచ్చినవాడు ఒక్కడేనట, అందుకని రాతలొద్దు, చేతులెత్తుదాం అనుకున్నారు. ఆడవాళ్ల చెయ్యి కూడా చెయ్యే అన్నారు, వాళ్లూ మట్టి తొక్కినవాళ్లేగా. ఇంకో మాట కూడా పెట్టారు, చెయ్యి ఎత్తనివాడు లేచి నిలబడి ఎందుకు ఎత్తలేదో చెప్పాలి. ఇంటికి పోయి గొణగకూడదు. ఆ చివరిమాట చెప్పేటప్పుడు మా మామగారు గొంతు పెంచేవారు, వంటింట్లో నేను గొణుగుతానని ఆయన అనుమానం.

గుంటలో వాననీళ్లు నిలిచేవి. బాప్తిస్మాలు అందులోనే. మాది ముంచే సంఘం, చిలకరించేది కాదు. చంటిపిల్లలకి ఇవ్వరు, ఊహ తెలిసి, నేను నమ్ముతున్నాను అని నోటితో చెప్పి, నీళ్లలోకి దిగాలి. నేను పెళ్లయిన కొత్తలో దిగాను. నీళ్లంటే నాకు చచ్చే భయం, జలుబు చేస్తుంది, జారిపోతాను, అడుగున మట్టిలో కాలు కూరుకుపోతుంది, అప్పటి పెద్ద పాస్టరుగారు ముసలివారు, నన్ను పట్టుకోలేక వదిలేస్తారు. వెనక్కి వాల్చగానే ఆయన మెడపట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఇద్దరం మునిగాం. గట్టుమీద పాడుతున్నవాళ్లు పాట మరిచిపోయి నవ్వారు. పాస్టరుగారికి బాప్తిస్మం ఇచ్చిన కోడలు అని మా అత్తగారిని చాలాకాలం ఏడిపించారు. మునిగి లేచిన వాళ్లకే, పోయినప్పుడు తలవైపు నిండు ఇటుక నిలబెడతారు. అదీ మొదటివాళ్ల పద్ధతే. రాళ్లు కొనే తాహతు ఎక్కడిది, ఇటుకలే. మునగకుండా పోయినవాళ్లకి, అంటే పిల్లలకి, సగం ఇటుక. వాళ్లేం తక్కువని కాదు, వాళ్లు ఇంకా చంకనెత్తుకునే పిల్లలు గదా, బరువు తక్కువుండాలి అని ఎవరో అన్నారట. పిల్లలందరినీ ఆ గోడ మూలనే పెట్టారు. అన్ని ఇళ్లవాళ్లవీ. అప్పట్లో మూలనిండా సగం ఇటుకలే, గడ్డిలో తలలు పైకి పెట్టుకుని.

మా పెద్దపాపది కూడా.

ఆ మాట నేను లోపల కూడా గట్టిగా అనుకోను. అమ్మాయికి తెలుసు, తనకంటే ముందు ఒకతె పుట్టిందని, ఎప్పుడో వాళ్ల నాయనమ్మ చెప్పింది. నేను చెప్పలేదు. పుట్టిన మూడోనాడు పోయింది. కుడిచెవి పైఅంచు ఆకు మడిచినట్టు మడతపడి ఉండేది, పాలిస్తూ దాన్ని వేలితో సవరించేదాన్ని, సవరించగానే మళ్లీ మడత పడేది. నాకు జ్వరం. ఆయన ఎత్తుకెళ్లారు, మామగారూ వెళ్లారు. వాన. తిరిగొచ్చాక ఆయన మోచేతులదాకా ఎర్రమట్టి, కడుక్కోకుండా అలాగే గుమ్మంలో కూర్చుండిపోయారు. జ్వరం తగ్గాక మా అత్తగారు అడిగింది, ఆవిడని ఏదో ఒకటి అనడం నాకు తేలిక, కానీ ఆవిడే అడిగింది, వెళ్లి చూసొద్దామా, నేను తోడొస్తాను అని. వద్దన్నాను. వద్దని నేనే అన్నాను. అక్కడికి వెళితే అది నా వెంట ఇంటికొస్తుందని భయం, పాప కాదు, పాపని తీసుకెళ్లింది ఏదైతే ఉందో అది. నన్ను చూసి, ఓహో దీని ఇల్లు ఇటా అనుకుంటుందని. రెండోది కడుపున పడ్డాక, ఇది క్షేమంగా పుట్టనీ అప్పుడు వెళతాను అనుకున్నాను. పుట్టింది. నడక రానీ అనుకున్నాను. వచ్చింది. బడికి పోనీ, పెద్దమనిషి కానీ, చదువు గట్టెక్కనీ, ఓ ఇంటిది కానీ, దాని కడుపున ఓ కాయ కాయనీ. ఇదొక్కటీ గట్టెక్కాక. ఏ గట్టూ ఎక్కలేదు నేను. ప్రతి ఆదివారం వచ్చి ఈ కిటికీ పక్కన కూర్చుంటాను, చూపు పెద్దవాళ్ల వరసల దాకా వెళ్లి ఆగిపోతుంది, కట్టేసిన గొడ్డు తాడు మేర ఆగినట్టు.

ఏదో పడింది పక్కగదిలో. చెక్క శబ్దం. బల్లే అయ్యుంటుంది, బల్లే. పిల్లలు కిలకిలా నవ్వారు. నవ్వుతున్నారంటే బతికే ఉన్నారు. పాలత్త నా మోకాలి మీద చెయ్యేసి, "ఊరుకోవే, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టలేదూ ఆ దూలం? మా తాతలనాటి నుంచీ పట్టింది" అంది. అదే గదా నా భయం, ఇన్నాళ్లు పట్టింది అంటే ఇక పట్టలేదు అనే గదా. మా ఆయన తాపీమేస్త్రీ, ఆయనే అన్నారు, గోడ పైవరసలో సున్నం పొడి అయిపోయింది, వేలు పెడితే రాలుతోంది అని. దాన్ని విప్పి మళ్లీ కట్టచ్చుగా అని ఎవరో అడిగారు కిందటి కూటంలో. విప్పడమా అని దర్జీ అన్నయ్య గుడ్లురిమాడు. మా తాత చేత్తో పేర్చిన గోడ అది, ఈ సంఘం పుట్టిన పురిటిగది, దాన్ని తాళం వేసి అలాగే ఉంచుదాం, వచ్చిపోయేవాళ్లకి చూపించుకుందాం, పిల్లలకి ఖాళీలో కొత్తది కడదాం అన్నాడు. అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది, నచ్చిందనే అనుకున్నాను. ఆవేళ మా ఆయన కూటానికి రాలేదు, ఎక్కడో గోడ పనిలో ఉన్నారు. రాత్రి అన్నం పెడుతూ చెప్పాను, గది వస్తోందండీ, మూల ఖాళీలో కడతారట, పని మీకే ఇస్తారట. ఆయన తినడం ఆపలేదు. తిని లేచి తాపీ కడిగారు. కడిగిన తాపీనే మళ్లీ కడిగారు. ఆయన ఎప్పుడేమన్నారు గనక. ఆ తరవాత మూలకి గీతలు గియ్యమని దర్జీ అన్నయ్య రెండుమూడుసార్లు కబురంపితే, దారం చిక్కుపడింది అన్నారు, గోడ నిలువు చూసే తూగుగుండు కనబడటం లేదు అన్నారు, నేల తడిగా ఉంది అన్నారు. నేనే కసిరాను. మీ బద్ధకం మండిపోనూ, ఆ కప్పు పిల్ల మీద పడ్డాక గీస్తారా గీతలు అన్నాను. తూగుగుండు ఆయన చొక్కా జేబులోనే ఉంది, బట్టలు ఉతికేటప్పుడు నాకే దొరికింది. తీసి మేకుకి తగిలించాను. అయినా నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా. కీడు ఆమడ దూరాన ఉండగానే పసిగడతానని గదా నాకు పేరు, ఇంట్లో మనిషి మౌనంగా తాపీ కడుక్కుంటుంటే పసిగట్టలేనా.

పాస్టరుగారు కొలతలు చదువుతున్నారు. ఇంత పొడవు, ఇంత వెడల్పు, రెండు కిటికీలు. పునాది నడుంలోతు తవ్వాలట. నడుంలోతు. పిల్లలకి ఎంత లోతు తవ్వుతారు? నేనెప్పుడూ అడగలేదు.

అక్కడ ఇటుకలు లేకపోవడం కూడా నా పుణ్యమే. అమ్మాయికి అప్పుడు నాలుగో ఐదో ఏళ్లు. కూటం అయ్యాక పిల్లలు తోటలోకి పరిగెత్తేవాళ్లు, మూలలో మెత్తని గడ్డి, అక్కడే ఆటలు. ఓ ఆదివారం అమ్మాయి ఒక సగం ఇటుక తట్టుకుని పడి గడ్డం చీల్చుకుంది. రక్తం, గౌను ముందంతా. నా పై ప్రాణం పైనే పోయింది, అది మళ్లీ వచ్చింది, నన్ను చూసేసింది అనుకున్నాను. అప్పుడున్న పాస్టరుగారు వేరే, శుభ్రం అంటే పడిచచ్చే మనిషి, దూరం నుంచి వచ్చాడు, ఆయనకి మా పద్ధతులు తెలీవు. నేను వెళ్లి చెప్పాను. అయ్యగారూ, ఆ ఇటుక ముక్కలు తీయించండి, పిల్లలు పళ్లు రాలగొట్టుకుంటున్నారు. ముక్కలు అన్నాను. అవి ఏమిటో ఆయనకి తెలీదు, నాకు తెలుసు. వచ్చేవారానికల్లా పెళ్లికాని కుర్రాళ్లందరూ కలిసి మూలంతా చదును చేశారు. ఏరిన సగం ఇటుకల్ని పారెయ్యడం ఎందుకని గేటు నుంచి మందిరం మెట్లదాకా దారికి రెండువైపులా ఏటవాలుగా పాతారు, అంచుకి. ముచ్చటగా ఉందన్నారు అందరూ. అన్నవాళ్లలో తెలిసినవాళ్లు లేకపోలేదు, కానీ అప్పటికి పని అయిపోయింది, పాస్టరుగారిని నొప్పించడం ఎందుకని మింగేశారు. ఆడవాళ్లం సున్నం కొట్టాం. నేనూ ఓ కుంచె పట్టుకున్నాను. ఒక్కొక్కదానికీ రెండు పూతలు. అందులో మాది ఏదో, దేనికి నేను రెండు పూతలు వేశానో, దేన్ని పాలత్తకి వదిలానో. మా అత్తగారు మెట్ల మీద కూర్చుని చూస్తూ ఒక్కటే మాట అంది. "పోనీలే, పక్కపక్కన పెట్టారు. ఒకళ్లకొకళ్లు తోడు." ఎత్తిపొడుపో ఓదార్పో ఇప్పటికీ తెలీదు నాకు. తెలుసుకుందామంటే ఆవిడకీ నిండు ఇటుక పెట్టి ఎన్నేళ్లో అయింది.

ఒకసారి భయపడి దాన్ని చూడ్డానికి వెళ్లలేదు. రెండోసారి భయపడి దాని గుర్తు పీకించాను. ఇప్పుడు మూడోసారి భయపడి దానిమీద పునాది వేయిస్తున్నాను. బతికున్నవాళ్ల కోసం అనుకుంటూ ప్రతిసారీ దాని దగ్గర్నుంచే లాక్కున్నాను, నోరులేనిది, అడ్డం చెప్పనిది అదొక్కతే గదా అని. కానీ ఇప్పుడు నేను చెయ్యెత్తకపోతే? ఎత్తకుంటే గది ఆగిపోతుంది, వాన వస్తుంది, పైవరసలో సున్నం పొడి అయిందన్నారు గదా, దూలం జారుతుంది, మా అమ్మాయి ఒక్క చేత్తో ఎంతమందిని లాగుతుంది, వెలుతురు చొరని దుమ్ములో, అప్పుడు దర్జీ అన్నయ్య అంటాడు, ఇదిగో ఈవిడ వల్ల. చచ్చినదాని కోసం బతికినదాన్ని చంపుకుంది అంటారు. ఎత్తితే నడుంలోతు గొయ్యి. పార దిగితే దిగినవాళ్లకి తెలుస్తుందా? ఇన్నేళ్లకి ఏమన్నా మిగిలి ఉంటుందా, అంత చిన్న ఎముకలు, చెవిలో ఎముక ఉండదు. ఏమీ మిగలకపోతే ఫరవాలేదా? మిగలకపోతేనే ఇంకా, ఇంకా

"పనికి చేతులెత్తండి" అన్నారు పాస్టరుగారు.

లేచాయి. రెండువైపులా, ఒక్కసారిగా. గాలికి పైరు లేచినట్టు. పాలత్త ఎత్తింది. నా చెయ్యి కూడా లేచింది, నేను లేపలేదు, అలవాటు లేపింది, లేదంటే పాట లేపింది, పక్కన పిల్లలు మూడో చరణంలో ఉన్నారు, మా మనవరాలి గొంతు అందరికంటే ముందుకి ఉరుకుతోంది. అలా చెయ్యి పైన ఉండగానే తల తిప్పి మగవాళ్ల వైపు చూశాను. చేతుల మధ్యలో ఓ గొయ్యి. అందులో మా ఆయన. రెండు చేతులూ మోకాళ్ల నడుమ ఇరికించుకుని, తల వంచుకుని.

"ఏం బావా, చెయ్యి పట్టేసిందా?" అన్నాడు దర్జీ అన్నయ్య. కొందరు నవ్వారు. "పని నీకేనయ్యా, ఇంకొకరికి ఇస్తామనుకుంటున్నావేమో."

పాస్టరుగారు చేతులు దించమన్నారు. "అన్నా, మన పద్ధతి మీకు తెలియంది కాదు. ఎందుకు ఎత్తలేదో చెప్పాలి."

ఆయన లేచారు. లేవడానికి ముందున్న బల్ల పట్టుకున్నారు, ఎప్పుడూ పట్టుకోరు. చెప్పేస్తారు. నాగురించి చెప్పేస్తారు. నా పెళ్లాం ఒక్కనాడు రాలేదు, ఒక్కసారి తొంగిచూడలేదు, ఇటుక పీకించింది ఇదే అని. చెబితే చెప్పనీ. అంతకంటే న్యాయమేముంది.

"ఆ మూల నేను తవ్వలేను" అన్నారు.

"దానికేం, ఇంకో మేస్త్రీని పిలుద్దాం."

"ఎవరు తవ్వినా అంతే." బల్ల అంచు వదల్లేదు. "మా పెద్దపాప ఉందక్కడ."

పాస్టరుగారు కళ్లజోడు పైకి తోసుకుని, "నాకు తెలీదన్నా, క్షమించండి. చోటు చూపించండి, అంతమేర వదిలేసి కడదాం, ఏం?" అన్నారు. మంచి మాటే. ఎవరన్నా అదే అంటారు.

"అదే తెలీదండి." మా ఆయన తన చేతులకేసి చూసుకుంటున్నారు. "ఇటుక ఉన్నన్నాళ్లూ తెలిసేది. తీసేశాక, వాన, గడ్డి, అంతా ఒకేలా ఉంది. పనికి పోతూ పొద్దున్నే వస్తుంటాను. ఇవాళ ఒకచోట నిలబడతాను, ఇంకోసారి కాస్త అవతల. ఇన్నేళ్లలో ఎక్కడో ఒకసారి సరిగ్గా దాని దగ్గరే నిలబడి ఉంటాను గదా. ఇప్పుడు ఎక్కడ పార దింపినా నాకు అదేననిపిస్తుంది." కూర్చున్నారు. నావైపు చూడలేదు. ఆ మాట అనే వీలుంది, ఎవరు తీయించారో అనచ్చు, అనలేదు.

పొద్దున్నే. పనికి పోతూ. నేను అన్నం డబ్బా కట్టి ఇస్తూ రోజూ అరుస్తాను, ఇంత పెందరాళే ఎక్కడికండీ, చీకటి పూర్తిగా పోలేదు, రోడ్డుమీద లారీలు, ఏ కుక్కో వెంటపడితే అని. నడుస్తూ పోతే ఒళ్లు తేలికవుతుంది అంటారు. ఆయన కాలు జారితే, ఆయన్ని లారీ గుద్దితే, అన్నీ ఊహించాను, ఆయన గడ్డిలో ఒక్కరే ఒకచోట నిలబడి, చాలదేమో అని ఇంకో అడుగు అవతల నిలబడి ఉంటారని ఒక్కనాడు ఊహించలేకపోయాను. నేను కీడులన్నీ ఊహిస్తాను. ఇది కీడు కాదు గదా, అందుకే నాకు అందలేదు.

నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో. పాలత్త నా కొంగు పట్టి లాగుతోంది, కూర్చోవే, కూర్చోవే అని.

"ఆ ఇటుకలు తీయించింది నేనండి" అన్నాను. "ఆయన కాదు, నేను. అమ్మాయి పడిందని. అవేంటో తెలిసే తీయించాను. అక్కడ మా పాప ఒక్కతే కాదు. అత్తా, మీవాడు లేడూ అక్కడ? అన్నయ్యా, మీ చెల్లెలు? అది ఖాళీ అన్నప్పుడు నేనూ చెయ్యెత్తాను. ఇప్పుడూ ఎత్తాను. దించేస్తున్నాను."

పాలత్త నా కొంగు వదిలేసింది. ఆవిడ చెయ్యి ఆవిడ ఒళ్లో పడింది, పడిన చెయ్యిని ఆవిడే వింతగా చూసుకుంది.

"బాగుంది చెల్లెమ్మా" అన్నాడు దర్జీ అన్నయ్య. కోపం లేదు, ఆయాసంగా అన్నాడు. "మరి కప్పో? పడుతుంది పడుతుందని ఇన్నాళ్లూ చెవికోసిన మేకలా అరిచింది నువ్వేగా? రేపు పడితే?"

"పడుతుందన్నయ్యా. ఇప్పటికీ అదే అంటాను. ఇవాళ్టి నుంచి పిల్లల్ని ఆ గదిలో కూర్చోనివ్వను, ఈ బల్లల మీదే కూర్చుంటారు, మనం వరండాలో కూర్చుందాం. ఆ గదిని పడగొట్టండి. పడగొట్టి అక్కడే కట్టండి."

"మొదటి గదినా?"

"మొదటి గదినే."

గోల లేచింది. ఎవరెవరు ఏమన్నారో నాకు ముక్కలుగా వినపడింది, తాతలు, చరిత్ర, ఈవిడకేమన్నా, కూర్చోబెట్టండయ్యా. దర్జీ అన్నయ్య మొహం పాలిపోయింది. మెడలో టేపు రెండు చివర్లూ రెండు గుప్పిళ్లతో పట్టుకున్నాడు. "మా తాత పేర్చిన గోడమ్మా అది" అన్నాడు, పిల్లాడిలా. నాకు ఆయన మీద జాలేసింది. ఆయనదీ ప్రాణమే. ఇన్నేళ్లూ అన్నయ్యా అంటూ ఆయన కుట్టిన బట్టలే కట్టుకుని, ఆయన తాత గోడ కూల్చమంటున్నాను. ఇంకో పాపం. ఈ ఒక్కటీ మోస్తాను.

"మీ తాతగారికి నిండు ఇటుక ఉందన్నయ్యా. ఎక్కడున్నారో మీకు తెలుసు. ఏటేటా ఈ మందిరంలో ఆయన్ని తలుచుకోని ప్రసంగం లేదు. ఆయనకి ఆ గోడ లేకపోయినా చోటు పోదు. అక్కడున్నవాళ్లకి ఆ గడ్డి తప్ప ఏం లేదు. అదీ నావల్ల." ఇంకా ఏదో చెప్పాలనుంది. గోడ పైవరస సున్నం సంగతి, ఇటుకలు జాగ్రత్తగా విప్పితే మళ్లీ వాడుకోవచ్చని మా ఆయన ఎప్పుడో అన్న సంగతి. ఆ గోలలో అవి ఎవరికీ వినపడేలా లేవు.

పాస్టరుగారివైపు చూశాను. ఈ కుర్రాడు ఏం చేస్తాడు, సముదాయించి కూర్చోబెడతాడు, ప్రార్థన చేసుకుందాం అంటాడు, వచ్చే కూటానికి వాయిదా వేద్దాం అంటాడు, అప్పటికి నా ధైర్యం నీళ్లు కారిపోతుంది, నాకు తెలుసు నాగురించి. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "కొత్త మాట ఒకటి వచ్చింది" అన్నారు. "మొదటి గదిని విప్పి, అక్కడే పిల్లల గది కట్టడం. ఆలోచనకే, పనికి కాదు. చేతులెత్తండి."

ఎత్తాను. ఈసారి నేనే ఎత్తాను, భుజం దగ్గర్నుంచి, ఎంత బరువో తెలుస్తూ. మాది ముందు బల్ల, సంఘమంతా నా వెనకే ఉంది. పాలత్తవైపు కూడా చూడలేదు, చూస్తే ఎత్తకపోయి ఉంటుందని భయం. ఒక్క చెయ్యే అయి ఉంటుంది. రేపట్నుంచి ఈ సంఘంలో నా మొహం చూడరు. అమ్మాయి ఈ కబురు విని ఏమంటుందో. ఆయన ఎత్తారో లేదో, ఆయన దించుకున్న తల ఎత్తారో లేదో. అటువైపు ఎక్కడో బల్ల కిర్రుమంది. వెనకనుంచి ఎవరో గట్టిగా గాలి పీల్చారు. బట్టలు రెపరెపలాడాయి, అది చేతులు లేస్తున్న చప్పుడో, జనం లేచి వెళ్లిపోతున్న చప్పుడో. పాస్టరుగారు మా తలల మీదుగా దూరానికి చూస్తున్నారు, ఆయన పెదవులు మెల్లగా కదులుతున్నాయి. లెక్కపెడుతున్నారు. ఎత్తిన చేతిని రెండో చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.